వాల్టర్ ఇలియట్

సర్ వాల్టర్ ఇలియట్ (జనవరి 16, 1803 - మార్చి 1, 1887) ఈస్టిండియా కంపెనీ మద్రాసు సివిల్ సర్వీసుకు చెందిన స్కాట్లాండు దేశపు అధికారి, నాణెశాస్త్రవేత్త, శాసన పరిశోధకుడు, ప్రకృతి శాస్త్రజ్ఞుడు. 1845 నుండి 1854 వరకు గుంటూరులోను, ఉత్తర సర్కారులలోను పనిచేశాడు. తెలుగువారికి ఈయన అమరావతి స్తూపమును తవ్వించి, శిల్పములను మద్రాసుకు తరలించిన అధికారిగా ఎక్కువగా తెలుసు. దక్షిణ భారతదేశపు ప్రాచీన నాణెములను సేకరించి, వర్ణించి, రాజవంశముల వారీగా అమర్చుటకు పూనుకున్న తొలి తరము పరిశోధకులలో ఈయన ముఖ్యుడు. ఆనాటి సేకర్తలందరివలెనే ఈయనకు కూడా నాణెములు చేరిన దారి తవ్వకముల కంటె ఎక్కువగా బజారు దారియే. షరాబులు, కంసాలులు, పాత లోహమును కొనే వర్తకులు ఆ దారిలో మధ్యవర్తులు. వారి వలన ఎన్నో నాణెములు మూసలో కరిగిపోకుండా మిగిలాయి. అయితే ఆ నాణెములు ఏ ఊరిలో, ఏ దిబ్బలో దొరికాయన్న సమాచారము చాలావరకు వారి చేతులలోనే మాసిపోయింది. ఇలియట్ కృషిలోని గొప్పతనమును, లోపమును ఈ రెండు విషయముల నుండి అర్థము చేసుకొనవచ్చును.

బాల్యము, విద్యాభ్యాసము

ఇలియట్ ఎడిన్‌బరో నగరములో జన్మించాడు. తండ్రి జేమ్స్ ఇలియట్ స్కాట్లాండు దక్షిణ సరిహద్దులోని రాక్స్‌బరోషైరులో వుల్ఫ్‌లీ అను ఎస్టేటుకు యజమాని. కంపెనీ ఉద్యోగులకు శిక్షణనిచ్చే హైలీబరీ కళాశాలలో చదివి, 1821లో మద్రాసు చేరాడు. అక్కడి సెయింట్ జార్జి కోట కళాశాలలో తమిళ, హిందూస్తానీ భాషలలో ప్రావీణ్యము చూపి వెయ్యి వరహాల బహుమానము పొందాడు. వరహా అప్పటికే చలామణీలో ప్రధాన స్థానమును కోల్పోయినా, బహుమానముల లెక్కలో ఇంకా నిలిచియున్నది.

ఉద్యోగ జీవితము

1823లో సేలము జిల్లాలో సహాయ కలెక్టరుగా పని మొదలుపెట్టి, కొద్దికాలమునకే ధారవాడ కేంద్రముగా గల దక్షిణ మహారాష్ట్ర ప్రాంతమునకు బదిలీ అయ్యాడు. 1824లో కిత్తూరు రాణి చెన్నమ్మ సైనికులకు, కంపెనీ దళములకు జరిగిన పోరాటములో కలెక్టరు థాకరే మరణించాడు. ఆ సందర్భములో ఇలియట్, స్టీవెన్‌సన్ అను మరొక అధికారి కోటవారి చేతికి చిక్కి కొన్ని వారములు బందీలుగా ఉన్నారు. విడుదలైన తరువాత 1833 వరకు ఇలియట్ ఆ ప్రాంతములోనే పనిచేశాడు.

1833లో సెలవుపై స్వదేశమునకు వెళ్ళాడు. మద్రాసు గవర్నరుగా నియమితుడైన లార్డ్ ఎల్ఫిన్‌స్టన్‌కు ఆంతరంగిక కార్యదర్శిగా తిరిగి వచ్చి, ఆ గవర్నరు పదవీకాలము ముగిసిన 1842 వరకు ఆ బాధ్యతలో ఉన్నాడు. 1839లో మాల్టా ద్వీపములో మరియా డొరోథియా హంటర్ బ్లెయిర్‌ను వివాహమాడాడు. తరువాత రెవెన్యూ బోర్డు సభ్యుడయ్యాడు.

1832-33 నాటి నందన కరువు గుంటూరు సీమను ఛిన్నాభిన్నము చేసింది. ప్రజలు దీనిని డొక్కల కరువు అని కూడా పిలిచారు. ఆ దెబ్బ నుండి జిల్లా ఏళ్ళ తరబడి కోలుకోలేదు. జమీందారుల శిస్తు బాకీలు పేరుకుపోయాయి. పరిస్థితిని విచారించుటకు ప్రభుత్వము 1845లో ఇలియట్‌ను గుంటూరుకు పంపింది. ఆ తరువాత ఉత్తర సర్కారుల పరిపాలనకు కమీషనరుగా నియమించగా, 1854 వరకు ఆ పదవిలో కొనసాగాడు. 1854లో మద్రాసు గవర్నరు కౌన్సిలు సభ్యుడై, 1860లో పదవీ విరమణ చేసి స్వదేశమునకు వెళ్ళిపోయాడు. 1866లో ప్రభుత్వము ఈయనకు స్టార్ ఆఫ్ ఇండియా వర్గములో నైట్ కమాండర్ బిరుదునిచ్చింది. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయము 1882లో గౌరవ డాక్టరేటు ఇచ్చింది.

నాణెములు కరిగిపోయిన కాలము

ఇలియట్ మద్రాసు చేరుటకు మూడేళ్ళ ముందు, 1818లో, మద్రాసు రాజధానిలో వరహా స్థానములో వెండి రూపాయిని ప్రమాణముగా చేశారు. అంతవరకు 80 కాసులు ఒక పణము, 42 పణములు ఒక నక్షత్ర వరహా అనే లెక్క చెల్లేది. మార్పు సమయములో ఒక నక్షత్ర వరహాకు మూడున్నర రూపాయల విలువ కట్టారు. 1835లో కంపెనీ పాలనలోని ప్రాంతములన్నిటికీ ఒకే రకపు రూపాయి వచ్చింది.

ఈ మార్పుల ఫలితముగా శతాబ్దముల తరబడి చేతులు మారిన పాత నాణెములు బజారులో డబ్బుగా కాక లోహముగా మిగిలిపోయాయి. వరహా సుమారు 3.4 గ్రాముల బంగారు నాణెము. దానిలో పదవ వంతు పణము. వీటిని గీటురాయిపై గీసి, వన్నె చూసి, తూకము ప్రకారము కంసాలికి అమ్మేవారు. నేలలో దొరికిన నిక్షేపములకు కూడా అదే గతి పట్టేది. కరువు కాలములో ఇంటిలో ఉన్న బంగారము మూసకు చేరుట మరింత వేగవంతమయ్యేది. రాగి నాణెములు పాత్రల తయారీకి పోయేవి. సీసపు నాణెములకు ఆ మాత్రపు విలువ కూడా ఎవరూ కట్టేవారు కారు. ఇలియట్ సేకరణ సాగినది ఈ కాలములోనే.

షరాబులు, కంసాలులు, సేకర్తలు

షరాబు వృత్తి నాణెములను పరీక్షించి మార్చుట. రూపాయి ఒక్కటే ప్రమాణము కాకమునుపు ఒక ఊరి వరహా మరొక ఊరిలో అదే ధరకు చెల్లేది కాదు. తేడాకు వట్టము కట్టవలసి వచ్చేది. అందుచేత షరాబుకు ప్రతి రకము నాణెము యొక్క తూకము, వన్నె, గుర్తు కంఠస్థముగా ఉండేవి. గండికోట వరహా, దుర్గి వరహా, ఇక్కేరి వరహా, బహదూరీ వరహా వంటి పేర్లు బజారు భాషలో ఏర్పడినవే. ఏ కోటలో, ఏ పాలకుని కాలములో ముద్రించారన్న జ్ఞాపకము ఈ పేర్లలో నిలిచియున్నది. అక్షరములు లేని నాణెము ఏ ప్రాంతపుదో నిర్ణయించుటకు సేకర్తలకు ఇటువంటి పేర్లు తొలి ఆధారములయ్యాయి.

సేకర్త బజారులో ప్రవేశించుటతో పాత నాణెమునకు రెండవ ధర ఏర్పడింది. లోహపు ధర కంటె కొంత ఎక్కువ ఇచ్చేవాడు ఒకడున్నాడని తెలిసిన షరాబు, కరిగించుటకు వచ్చిన కుప్పలో నుండి వింతగా కనబడిన నాణెములను ఏరి పక్కన పెట్టేవాడు. ఒక అధికారి జిల్లా మొత్తము తిరిగినా చూడలేనన్ని నాణెములు ఈ విధముగా ఒక్కచోటికి చేరేవి. దక్షిణ భారత నాణెములను గురించి 19వ శతాబ్దములో వెలువడిన గ్రంథములకు ఈ ఏరివేత లేకుండా సామగ్రి లభించి ఉండేది కాదు. 1880వ దశకపు చివర మద్రాసు సైన్యాధికారి టఫ్‌నెల్ దక్షిణ భారతదేశములో నాణెములు సేకరించువారి కొరకు ప్రత్యేకముగా ఒక చిన్న మార్గదర్శక గ్రంథమును రచించాడు. అప్పటికే ఈ అభిరుచి ఎంత వ్యాపించినదో దీనిని బట్టి గ్రహించవచ్చును.

ఈ ఏర్పాటులో మూడు చిక్కులుండేవి. మొదటిది, ఒకే కుండలో దొరికిన నాణెములు షరాబు సంచిలో ఇతర నాణెములతో కలిసిపోయేవి. ఏవి ఏకకాలమున చలామణీలో ఉన్నాయో తెలుసుకొనుటకు కుండ మొత్తము కలిసి ఉండుట అవసరము. రెండవది, నిక్షేపము దొరికినవాడు సర్కారు స్వాధీనము చేసుకొనునన్న భయముతో స్థలమును దాచేవాడు. షరాబు కూడా తన సరుకు వచ్చు మార్గమును పోటీదారులకు తెలియనిచ్చేవాడు కాదు. మూడవది, గిరాకీ పెరిగిన కొలది నకిలీలు పుట్టాయి. దేవతార్చనలో ఉంచుకొనుటకు చేసిన రామటంకములు ఎన్నడూ చలామణీలో లేకున్నా, వాటిని అతి ప్రాచీన నాణెములని చెప్పి అమ్మడము సాధారణముగా జరిగేది.

నాణెములపై పరిశోధన

ధారవాడలో ఉన్న కాలములో ఇలియట్ స్థానిక పండితుల సహాయముతో శాసనముల నకళ్ళు తీయించాడు. అట్లు సిద్ధమైన సంకలనములో 595 శాసనములు ఉన్నాయి. వీటి ఆధారముగా చాళుక్య, కదంబ, యాదవ రాజుల వంశక్రమమును నిర్ణయించుచు వ్రాసిన వ్యాసము 1837లో రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడింది. దక్కను చరిత్రకు శాసనములను పునాదిగా చేసిన తొలి రచనలలో ఇది ఒకటి.

నాణెముల విషయములో ఈ శాసన పరిజ్ఞానము ఎంతో ఉపకరించింది. షరాబు నాణెమును ఇచ్చాడు, బజారు పేరును ఇచ్చాడు; రాజు పేరు, కాలము మాత్రము శాసనముల నుండి రావలసియున్నది. వరాహ గుర్తు చాళుక్యుల రాజలాంఛనము. బంగారు నాణెమునకు వరహా అను పేరు వచ్చుటకు ఆ గుర్తే మూలమని పండితులు భావించారు. నడుమ పద్మము, చుట్టూ వేర్వేరు ముద్రలు గల పద్మటంకములను కూడా ఇలియట్ పరిశీలించాడు. ఆయన నాణెముల వ్యాసములు 1857-58లలో మద్రాసు జర్నల్ ఆఫ్ లిటరేచర్ అండ్ సైన్స్ అను పత్రికలో ప్రచురితమయ్యాయి. జీవితకాలపు కృషి ఫలితమైన "కాయిన్స్ ఆఫ్ సదరన్ ఇండియా" అను గ్రంథము 1886లో లండనులో వెలువడింది. ఆంధ్ర, పల్లవ, చాళుక్య, చోళ, పాండ్య, చేర, విజయనగర నాణెములను ఒకే గ్రంథములో చర్చించుట దీని విశేషము.

ఓడ గుర్తు నాణెములు

ఇలియట్ సేకరణలో రెండు తెరచాపకొయ్యల ఓడ బొమ్మ గల సీసపు నాణెములు ఉన్నాయి. ఇవి మద్రాసుకు, కడలూరుకు నడుమ గల కోరమండల తీరములో లభించాయి. ఆ తీర ప్రాంతమును పాలించిన వారిని దృష్టిలో ఉంచుకొని ఇలియట్ వీటిని కురుంబరులకు, పల్లవులకు సంబంధించినవిగా తలచాడు. చాలా నాణెములపై అక్షరములు అరిగిపోయి ఉండుటచే వేరే ఆధారము లేకపోయింది.

1908లో బ్రిటిష్ మ్యూజియము ప్రచురించిన ఆంధ్ర రాజవంశపు నాణెముల సూచికలో ఇ. జె. రాప్సన్ ఈ నాణెములను శాతవాహనులకు చెందినవిగా చేర్చాడు. వెనుకవైపు గల ఉజ్జయినీ చిహ్నము, మిగిలిన కొద్ది అక్షరములలో పులుమావి పేరు ఇందుకు ఆధారములు. తరువాతి కాలములో దొరికిన స్పష్టమైన ప్రతులపై యజ్ఞశ్రీ శాతకర్ణి పేరు కూడా చదవబడింది. ఆ విధముగా ఈ నాణెములు శాతవాహనుల సముద్ర వాణిజ్యమునకు సాక్ష్యములైనాయి.

ఇలియట్ గుర్తింపు మారినా, ఆయన నమోదు చేసిన లభ్యస్థానము మారలేదు. రాప్సన్ తన సూచికలో నాణెములను కృష్ణా గోదావరీ ప్రాంతము, కోరమండల తీరము మొదలైన ప్రాంతముల వారీగా విభజించగలిగాడు. సేకర్తలు తాము కొన్న ప్రాంతమునైనా వ్రాసి ఉంచుట వలన ఆ విభజన సాధ్యమయింది. అయితే ఇటువంటి సమాచారము చాలాచోట్ల జిల్లా పేరుతో లేదా తీరము పేరుతో ఆగిపోతుంది. ఊరి వరకు చేరదు.

అమరావతి శిల్పములు

అమరావతి స్తూపమును 18వ శతాబ్దపు చివర కాలిన్ మెకంజీ మొదటిసారి చూశాడు. వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు నూతన పట్టణ నిర్మాణమునకు పూనుకున్న కాలములో ఆ దిబ్బ నుండి రాళ్ళు బయటపడ్డాయి. 1845లో ఇలియట్ అక్కడ తవ్వకములు జరిపించి, శిల్ప ఫలకములను మద్రాసుకు పంపాడు. అవి కొన్నేళ్ళు ఎండకు వానకు గురియై, 1859లో లండను చేరాయి. అక్కడ కూడా గిడ్డంగులలో పడియుండగా జేమ్స్ ఫెర్గూసన్ వాటిని గుర్తించి, 1868లో ప్రచురించిన తన గ్రంథములో వివరించాడు. 1880లో అవి బ్రిటిష్ మ్యూజియమునకు చేరాయి. చాలాకాలము వీటిని ఇలియట్ మార్బుల్స్ అని వ్యవహరించారు. తవ్వినవాడు అధికారి అగుటచే ఈ ఫలకములకు ఊరి పేరు నిలిచియున్నది. కాని ఏ ఫలకము స్తూపములో ఎక్కడ ఉండేదన్న వివరములు తగినంతగా నమోదు కాకపోవుటచే తరువాతి పరిశోధకులు ఎంతో శ్రమపడవలసి వచ్చింది.

ఇతర కృషి

ఉత్తర సర్కారులలో పనిచేయునప్పుడు తెలుగు జిల్లాలలోని మొక్కల పేర్లను సేకరించి, తెలుగు పేరుకు ఎదురుగా శాస్త్రీయ నామమును చూపు "ఫ్లోరా ఆంధ్రికా" అను గ్రంథమును 1859లో మద్రాసులో ప్రచురించాడు. తెలుగు వృక్ష నామములను అధ్యయనము చేయువారికి ఇది ఉపయోగకరమైన గ్రంథము. దక్షిణ మహారాష్ట్ర ప్రాంతపు క్షీరదములపై ఈయన పట్టిక 1839లో వెలువడింది. దక్షిణ భారతదేశములో కనిపించే ఒక చెట్టు మూషికమునకు అనథానా ఎల్లియోటి అని, ఒక పొద ఎలుకకు గోలుండా ఎల్లియోటి అని ఈయన పేరు మీదుగా శాస్త్రీయ నామములు ఏర్పడ్డాయి.

చివరి దినములు

పదవీ విరమణ తరువాత ఇలియట్ వుల్ఫ్‌లీలో నివసించాడు. వృద్ధాప్యములో చూపు బాగా క్షీణించింది. అయినా ఇతరుల సహాయముతో నాణెముల గ్రంథమును పూర్తి చేశాడు. 1887 మార్చి 1న, తమిళ పండితుడు జి. యు. పోప్‌కు తిరుక్కురళ్ ప్రచురణను గురించి ఒక లేఖ చెప్పి వ్రాయించి, దానిపై సంతకము చేసి, ఆ సాయంత్రమే మరణించాడు. ఈయన నాణెములలో ముఖ్యమైనవి, తామ్రశాసనములు బ్రిటిష్ మ్యూజియములో చేరాయి. మద్రాసు సివిల్ సర్వీసుకే చెందిన చరిత్రకారుడు రాబర్ట్ సెవెల్ 1896లో ఈయన జీవితచిత్రమును ప్రచురించాడు.

తరువాతి కాలములో చట్టములు, తెలంగాణ నాణెములు

1878లో వచ్చిన నిక్షేపముల చట్టము ప్రకారము పది రూపాయలకు మించిన విలువ గల నిక్షేపము దొరికినవారు కలెక్టరుకు తెలియజేయవలెను. సొంతదారు లేని నిక్షేపమైతే సాధారణముగా దొరికించుకున్నవారికి మూడు వంతులు, స్థల యజమానికి ఒక వంతు అని చట్టము నిర్ణయించింది. ప్రభుత్వము తీసుకొనదలచినచో లోహపు విలువకు అదనముగా అందులో ఐదవ వంతు చెల్లించవలెను. నిక్షేపమును దాచుకొని రహస్యముగా కరిగించుటకు బదులు ప్రకటించుటకు ప్రోత్సాహమునిచ్చుట ఈ ఏర్పాటు ఉద్దేశము.

1972లో చేసిన పురావస్తు, కళానిధుల చట్టము 1976 ఏప్రిల్ 5న అమలులోకి వచ్చింది. నూరేళ్ళకు తక్కువ కాని నాణెములు ఈ చట్టము ప్రకారము పురావస్తువులు. వీటి వ్యాపారము చేయువారు లైసెన్సు పొందవలెను, రిజిస్టర్లు, ఛాయాచిత్రములు నిర్వహించవలెను. ప్రైవేటు వ్యక్తులు విదేశములకు ఎగుమతి చేయరాదు. ఇలియట్ కాలపు షరాబు వ్రాయని లెక్కను చట్టము నేటి వర్తకుని నుండి కోరుచున్నది.

కాకతీయుల రాజధాని ఓరుగల్లు, దాని పరిసరములలోని నేటి జనగామ, మహబూబాబాదు, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు ఇలియట్ కాలములో నిజాము రాజ్యములోనివి. ఆయన అధికార పరిధికి వెలుపలివి. శాతవాహన నాణెముల చరిత్రను మార్చిన సాక్ష్యము ఆ తరువాత శతాబ్దమునకు పైగా గడచిన పిమ్మట గోదావరీ తీరములోని కోటిలింగాల నుండి వచ్చింది. సంగనభట్ల నరహరి శర్మ అక్కడి నేలపై దొరికిన నాణెములను సేకరించగా, నాణెశాస్త్రవేత్త పి. వి. పరబ్రహ్మశాస్త్రి వాటిని పరిశీలించి ప్రకటించాడు. గోభద, సమగోప వంటి, అంతకు ముందు తెలియని పాలకుల పేర్లు, శాతవాహన వంశ మూలపురుషుడైన చిముకుని పేరు వాటిపై ఉన్నాయి. శాతవాహనుల తొలి అధికార కేంద్రమును గురించిన వాదములో ఈ నాణెములకు బలము చేకూరినది వాటి లభ్యస్థానము నిశ్చితమగుట చేతనే. అవే నాణెములు ఏదో ఒక నగరపు బజారులో కొన్నవైతే పేర్లు మాత్రమే తెలిసేవి. పెద్దబంకూరులో ఒకే కుండలో ఇరవై వేలకు పైగా శాతవాహన నాణెములు దొరికాయి. వాటి విలువ కూడా అవి కలిసి లభించుటలోనే ఉన్నది.

2021 ఏప్రిల్‌లో జనగామ జిల్లా పెంబర్తి వద్ద భూమిని చదును చేయుచుండగా పాత బంగారు, వెండి ఆభరణములు గల పాత్ర ఒకటి బయటపడింది. అది అధికారుల స్వాధీనములోనికి వచ్చుటచే దొరికిన స్థలము, దినము, తూకము నమోదయ్యాయి.

ప్రాముఖ్యత

ఇలియట్ వంశనిర్ణయములలో కొన్ని నేడు చెల్లవు. సేకరణలోని ముఖ్యభాగము భారతదేశము వెలుపల ఉన్నది. ఈ రెండు విషయములపైనా విమర్శ ఉన్నది. అయినా ఆయన, ఆయన తరము సేకర్తలు, వారికి నాణెములను ఏరి ఇచ్చిన పేరు తెలియని షరాబులు లేకుంటే ఆ నాణెములలో అనేకము 19వ శతాబ్దములోనే నగలుగా, పాత్రలుగా మారిపోయి ఉండేవి. వర్తకుడు నాణెమును కాపాడగలడు. దాని చరిత్ర నిలుచుటకు దొరికిన ఊరి పేరు కూడా దానితో ప్రయాణించవలెను. ఓడ గుర్తు నాణెములపై ఇలియట్ అభిప్రాయము తప్పినను ఆయన వ్రాసిన లభ్యస్థానము నేటికీ ఉపయోగపడుట ఇందుకు నిదర్శనము.